వేపతాడు అవతల ఒక ఓటు

1987లో నన్ను పన్నుల విభాగం నుంచి తప్పించి, ఖరగ్‌పూర్ పురపాలక కార్యాలయంలో బోర్డు సమావేశాల విభాగానికి హెడ్ అసిస్టెంటుగా వేశారు. ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణి అక్కడ ‘బొడోబాబు’ అంటారు, అంటే పెద్దబాబు. పేరు పెద్దదే. పని మాత్రం సమావేశానికి తేదీ ఖాయం కాగానే నోటీసులు టైపు చేయించడం, చట్టం చెప్పిన గడువులోగా ప్రతి కౌన్సిలరుకీ అందాయో లేదో చూసుకోవడం, సభలో ఛైర్మన్‌కు ఎడమపక్కన కూర్చుని ఎవరేమన్నారో రాసుకోవడం, ఓటింగు వస్తే లేచిన చేతులు లెక్కపెట్టడం. రిటైరయ్యేదాకా నా కుర్చీ మారలేదు, దానిమీది ఫ్యానూ మారలేదు.

మా నాన్న రైల్వేలో గార్డు. ట్రాఫిక్ కాలనీలో పుట్టి పెరిగి, చేతికందిన రైల్వే ఉద్యోగం వదులుకుని మునిసిపాలిటీలో చేరినందుకు ఆయన పోయేదాకా నాతో సరిగ్గా మాట్లాడలేదు. మా వాళ్ళ దృష్టిలో నాది కాగితాల మీద ముద్రలు కొట్టే పని. నోటీసులో తేదీ తప్పితే తీర్మానమే చెల్లదనీ, ఒక బస్తీకి నీళ్ళు వస్తాయా రావా అన్నది ఒక్కోసారి ఆ తేదీ మీదే ఆధారపడి ఉంటుందనీ వాళ్ళకు చెప్పి చెప్పి విసుగెత్తి మానేశాను. అలాంటి ఒక తేదీ గురించే ఇక్కడ రాస్తున్నాను.

నిమ్‌పురా రైల్వే యార్డు గోడకు అవతల ఒక తెలుగు బస్తీ ఉండేది. శ్రీకాకుళం, విజయనగరం వైపునుంచి తాతల కాలంలో కూలికి వచ్చి నిలబడిపోయిన కుటుంబాలు. గోడకు లోపల రైల్వే నీళ్ళు, బయట మునిసిపాలిటీ బాధ్యత. మా బాధ్యత అంటే ఒక్క కొళాయి కూడా లేదని అర్థం. ఆవిరి ఇంజన్లు నడిచినన్నాళ్ళూ, ఇంజన్లకు నీళ్ళు పట్టే పెద్ద గొట్టం దగ్గర ఆ ఆడవాళ్ళు బిందెలతో కాచుకుని ఉండేవారు. డ్రైవర్లు చూసీ చూడనట్టు ఊరుకునేవారు. డీజిలు ఇంజన్లు వచ్చాక ఆ గొట్టానికి పని లేక మూసేశారు. ఊరంతా పొగ పోయిందని సంతోషించింది. ఆ బస్తీకి మాత్రం నీళ్ళు పోయాయి.

అప్పలనరసమ్మ ఆ బస్తీ మనిషి. గోల్‌బజారులో చింతపండు, ఎండుమిరపకాయల దుకాణం నడిపేది. భర్త యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్, నోట్లో నాలుక లేని మనిషి. రైల్వే ఉద్యోగి గనక ఎన్నికల్లో నిలబడకూడదు. ఆవిడకు ఆ అడ్డు లేదు. తొంభైల మొదట్లో ఏ పార్టీ అండా లేకుండా స్వతంత్ర అభ్యర్థిగా నిలబడి గెలిచింది. బస్తీలో అందరికీ ఆవిడ నరసమ్మప్ప. కార్యాలయంలో బెంగాలీలు దీదీ అనేవారు. మొదటి సమావేశంలో ఆవిడ బెంగాలీ విని వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆవిడ ఆగి, తన బెంగాలీ బాగుపడాలంటే ముందు గొంతు తడవాలనీ, తన వార్డులో తడుపుకునేందుకు నీళ్ళు లేవనీ అదే బెంగాలీలో చెప్పింది. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. నాకు ఆవిడ మీద గౌరవం కలిగింది ఆ రోజే.

రెండేళ్ళు కాళ్ళరిగేలా తిరిగి, బస్తీకి లోతు బోరు, మోటారు, వీధి కొళాయిలు వేసే పథకాన్ని ఆవిడ బడ్జెట్టులోకి ఎక్కించింది. ప్రభుత్వ గ్రాంటు వచ్చింది. ఎదుటి పక్షం వాళ్ళు అదే గ్రాంటుతో బజారులో షెడ్లు కట్టాలన్నారు. మార్చి నెలాఖరులోగా బోర్డు ఏదో ఒకటి తీర్మానించకపోతే గ్రాంటు వెనక్కి పోతుంది. ఛైర్మన్ బోరు పథకం వైపే ఉన్నారు. ఆవిడ ఆయన పక్షాన ఓటేస్తే రెండు పక్షాలూ సమానం. సమానమైనప్పుడు ఛైర్మన్‌కు రెండో ఓటు వేసే అధికారం ఉంటుంది. ఆవిడ రాకపోతే ఒక్క చెయ్యి తక్కువ. ఆ లెక్క హాల్లో అందరికీ తెలుసు.

మొదట అనుకున్న సమావేశం ఏ గొడవా లేకుండా జరిగి ఉంటే నేనిది రాసేవాణ్ణే కాదు. సరిగ్గా ఆ ఉదయం, ఏడాదిగా మంచాన పడి ఆ లెక్కలో ఎటూ లేని ఒక వృద్ధ కౌన్సిలరు పోయారు. పదవిలో ఉన్న సభ్యుడు పోతే సంతాప తీర్మానం చేసి, నిలబడి మౌనం పాటించి, మరే విషయం ఎత్తకుండా సభ వాయిదా వేయడం మా ఆనవాయితీ. అలాగే చేశాం. వాయిదా సమావేశానికి మళ్ళీ నోటీసు, మళ్ళీ గడువు. లెక్క వేస్తే మిగిలింది ఒకే ఒక్క పనిదినం, ఆర్థిక సంవత్సరానికి చివరి పనిదినం.

ఆ రోజు బస్తీలో మాత పూజ ముగింపు.

మాత పూజ గురించి తెలియనివారి కోసం రెండు మాటలు. ఎండలు ముదిరేవేళ మా తెలుగు బస్తీలు ఒకదాని తర్వాత ఒకటి అమ్మవారికి ఘటాలు ఎత్తుతాయి. ఘటం ఇంటిముందుకు వస్తే ఆ ఇల్లాలు పసుపునీళ్ళతో మోసేవారి కాళ్ళు కడుగుతుంది. చివరి రోజు పొద్దున బస్తీ మొగదలలో వేపాకుల తాడు కడతారు. సాయంత్రం అమ్మను సాగనంపి ఆ తాడు తెంచేదాకా లోపలివాళ్ళు బయటికి పోకూడదు, బయటివాళ్ళు లోపలికి రాకూడదు. దాటితే అమ్మవారికి కోపం వచ్చి, పిల్లలకు ఒంటిమీద తట్టో ఆటలమ్మో పోస్తుందని నమ్మకం. ఆ బస్తీలో పెద్ద ఘటం ఎత్తేది నరసమ్మగారి ఇల్లే. అత్తగారి తర్వాత ఆ ఘటం ఆవిడ నెత్తిమీదికి వచ్చింది. ఘటం ఎత్తే మనిషి చేతికి పూజ ముగిసేదాకా పసుపు కంకణం ఉంటుంది.

నోటీసు ప్యూను చేత పంపి ఊరుకోవచ్చు. నేనే పట్టుకుని వెళ్ళాను. ఆవిడ దుకాణంలో చింతపండు ఉండలు కడుతోంది. కాగితం చూసి, చేతులు కడుక్కుని, మళ్ళీ చూసింది.

“ఏటి బాబూ, ఈ తారీకు మార్సడానికి నేదా?”

గడువు సంగతి చెప్పాను. చీటీ మీద రాసిచ్చి పంపితే ఓటుగా చెల్లదా అని అడిగింది. చెల్లదు, సభలో కూర్చుని చెయ్యి ఎత్తాల్సిందే అన్నాను. పోనీ పూజ ఒకరోజు వెనక్కి జరపమని పెద్దలను అడగండి అని నేనే సలహా ఇచ్చాను. ఆవిడ నావంక జాలిగా చూసింది.

“ఎత్తిన గటాన్ని ఎవుడు ఆపుతాడు బాబూ? నువ్వు తెలుగోడివి కాదేటి?”

ఆ సాయంత్రం బస్తీ పెద్ద ఎర్రయ్య ఇంటి అరుగు దగ్గర పంచాయితీ జరిగింది. ఆవిడ రమ్మంటే నేనూ వెళ్ళి ఒక పక్కన నిలబడ్డాను. తేదీ ఎందుకు మారదో నా చేతే చెప్పించింది. ఎర్రయ్య చెడ్డవాడు కాడు. యార్డులో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైన పెద్దమనిషి. ఎన్నికల్లో ఆవిడ కోసం ఇల్లిల్లూ తిరిగింది ఆయనే. అంతా విని, కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడు.

“కంకణం ఇప్పీసి ఎల్లు తల్లీ, మేం అడ్డం పడం. నువ్వు ఎల్లేది మా నీళ్ళ కోసమే, మాకు తెల్దేటి? కానీ అమ్మోరికి మేం ఏటి సెప్పుకుంతాం? మరింక గటం నీ నెత్తిమీదికి రాదు. అది మాత్రం గుర్తెట్టుకో.”

నీళ్ళు కావాలని రెండేళ్ళుగా ఆవిడ వెంట పడ్డవాళ్ళే అక్కడ కూర్చున్నారు. అందరూ ఎర్రయ్య మాటకే తలూపారు. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ అది నేను మాట్లాడే చోటు కాదు.

సమావేశం రోజు ఛైర్మన్ నన్ను ఆఫీసు జీపు ఇచ్చి పంపారు. నేను తాడుకు ఇవతల దిగి నిలబడ్డాను. లోపల డప్పులు మోగుతున్నాయి. ఆవిడ పసుపు చీరలోనే వచ్చింది. తాడు దగ్గర ఆగి కంకణం విప్పి తోడికోడలి చేతిలో పెట్టింది. ఆ పిల్ల ఏడుస్తోంది. ఆవిడ వంగి తాడు కిందనుంచి ఇవతలికి వచ్చింది. డప్పులు ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలయ్యాయి. ఇద్దరం జీపు ఎక్కాం. ఓవర్‌బ్రిడ్జి దాటాక తనకు తానే చెప్పుకున్నట్టు అంది.

“అమ్మోరు ఒక దినం కోపం పడతాది. ఈ ఆడోళ్ళు దినదినం సస్తన్నారు. అమ్మోరితో నాను సూసుకుంతాను.”

సభలో అరగంట కేకలు, ఆ తర్వాత ఓటింగు. నేను లేచి చేతులు లెక్కపెట్టాను. ఆవిడ చెయ్యి బోసిగా ఉంది, కంకణం కట్టిన చోట పసుపు మరక. రెండు పక్షాలూ సమానమని ప్రకటించాను. ఛైర్మన్ రెండో ఓటు వేశారు. పథకం నెగ్గింది. మినిట్సులో నేను రాసింది అంతే: తీర్మానం ఆమోదించబడినది. అంతకుమించి రాయడానికి అందులో చోటు ఉండదు.

సాయంత్రం మళ్ళీ అదే జీపులో దింపాను. తాడు ఇంకా తెంచలేదు గనక లోపలికి పోవడానికి లేదు. మా ఇంటికి రమ్మన్నాను. వద్దని, యార్డు కాలువ మీది కల్వర్టు గట్టున కూర్చుంది. ఆవిణ్ణి వదిలి వెళ్ళడానికి మనసొప్పక నేనూ ఆగాను. చీకటి పడేవేళకు తాడు అవతలి వీధిలోకి ఘటాలు వచ్చాయి. పెద్ద ఘటం తోడికోడలి నెత్తిమీద ఉంది. ఏ ఇంటి ముందూ సరిపడా నీళ్ళు లేవు, చెంబులతో చిలకరించి సరిపెడుతున్నారు. దాటిపోతూ ఎవరూ ఇటు చూడలేదు. ఆవిడ లేచి నిలబడి చేతులు జోడించింది. నేను తల తిప్పేసుకున్నాను. అంత బాధ నా ఉద్యోగంలో మరెప్పుడూ పడలేదు.

వర్షాలకు ముందే బోరు వేశారు. మంచి నీళ్ళు పడ్డాయి. కానీ ఆ వేసవిలోనే పట్టణమంతా తట్టు వచ్చింది. సాలువా పోలీసు క్యాంపు పిల్లలకు వచ్చింది, ట్రాఫిక్ కాలనీలో మా అన్నయ్య కూతురికి వచ్చింది, ఆసుపత్రి వార్డులో అన్ని భాషల తల్లులూ కూర్చుని ఉన్నారు. బస్తీలో ఎర్రయ్య మనవరాలు పోయింది. ఆ పిల్ల ఎందుకు పోయిందని బస్తీలో ఎవరూ డాక్టరును అడగలేదు. నరసమ్మగారు పరామర్శకు వెళితే ఎర్రయ్య పల్లెత్తు మాట అనలేదట. కూర్చోమని మాత్రం అనలేదట.

మరుసటి ఏడాది రాష్ట్ర అసెంబ్లీ ఎన్నికలకు ముందు ఒక పెద్ద పార్టీ కలకత్తా నుంచి మనిషిని పంపింది. తెలుగు ఓట్లున్న ఊళ్ళో పని చేసి చూపించిన ఆడమనిషి, టిక్కెట్టు ఇస్తే గెలుస్తుందని వాళ్ళ అంచనా. ఆయనకు వార్డు చూపించే పని ఛైర్మన్ నాకు అప్పగించారు. కొళాయి దగ్గర ఆడవాళ్ళు బారులు తీరి ఉన్నారు. ఈ నీళ్ళు ఎవరు తెచ్చారని ఆయన హిందీలో అడిగాడు. నరసమ్మప్ప అని అందరూ ఒక్క గొంతుతో చెప్పారు. మరి ఆమెకే ఓటేస్తారా అన్నాడు. ఒక ముసలమ్మ బిందె చంకనెత్తుకుంటూ తెలుగులో నాతో అంది.

“మంచిదే బాబూ, బంగారం లాంటి మనిసి. కానీ ఆ దినం తాడు దాటెల్లిపోనాది గదా.”

ఆయన నా ముఖం చూశాడు. తర్జుమా చేయక తప్పలేదు, చేశాను. టిక్కెట్టు వేరేవాళ్ళకు వెళ్ళింది. ఆ తర్వాత వార్డు ఎన్నికల్లో ఆవిడ మళ్ళీ నిలబడి ఓడిపోయింది. సొంత బస్తీ పోలింగు బూత్‌లోనే తక్కువ పడ్డాయి. అంతటితో ఆవిడ రాజకీయం ముగిసింది. ఎదుటి పక్షం ఓడించి ఉంటే ఆవిడ మరోసారి నిలబడేదేమో. ఓడించింది ఎవరో తెలుసు గనక మళ్ళీ నామినేషను వేయలేదు.

మరో రెండు మూడేళ్ళకు మాత పూజ చివరి రోజున నేను ఆ దారిన పోతూ ఆగాను. వేపతాడు కట్టి ఉంది. నరసమ్మగారు తాడుకు ఇవతల, అదే కల్వర్టు మీద కూర్చుని ఉంది. ఏటా ఆ రోజు పొద్దున్నే, తాడు కట్టకముందే బయటికి వచ్చేస్తుందట. లోపల ఉంటే జనానికి ఇబ్బందని. లోపల ప్రతి ఇంటి ముందూ నిండు బిందెలున్నాయి. ఘటాలు వస్తుంటే ఆడవాళ్ళు పసుపునీళ్ళు గుమ్మరించి కాళ్ళు కడుగుతున్నారు. ఆ నీళ్ళు పారి, తాడు కిందనుంచి ఇవతలికి వచ్చి, ఆవిడ కాళ్ళ దగ్గరిదాకా వచ్చాయి. ఆవిడ కాళ్ళు వెనక్కి తీసుకుంది.

“సూసినావా బాబూ, ఈ ఏడు నీళ్ళకి కరువు నేదు,” అంది.

నేను చేయగలిగింది ఒకటే చేశాను. అప్పటినుంచి రిటైరయ్యేదాకా ఏ సమావేశానికి తేదీ పెట్టినా, ముందు ప్రతి వార్డులో పూజలూ పండగలూ ఎప్పుడో కనుక్కుని గాని నోటీసు టైపు చేయించలేదు. చట్టంలో అలాంటి నియమం లేదు. ఇక ఈ ఉదంతం నేర్పింది చెప్పమంటే, జనం మేలు మరిచిపోతారనడం తప్పు. ఆ బస్తీలో ఎవరూ మరిచిపోలేదు. మేలు చేసినందుకు ఆవిణ్ణి పొగిడారు, దాటినందుకు బయట కూర్చోబెట్టారు. వాళ్ళకు ఆ రెండింటికీ సంబంధం లేదు. ఓట్లు లెక్కపెట్టే మాకు ఆ రెండు లెక్కలూ వేరన్న సంగతి చేతులు లేచినప్పుడు కనపడదు.