కాలవ చివరి బల్బు

కంప్యూటర్ ముందు కూర్చోవాలంటే చెప్పులు బయట విడవాల్సిన రోజులవి. ప్రొద్దుటూరు పక్కన ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నేను కొత్త లెక్చరర్ని, అదీ తాత్కాలికం. పిల్లోళ్ల బుర్రల్లోని తప్పుడు నమ్మకాలను వాళ్లకే చూపించే సాఫ్ట్‌వేర్ ఒకటి తెప్పించి ప్రిన్సిపాల్ నా నెత్తిన పెట్టినాడు. "ఇది పనిచేస్తే నిన్ను పర్మనెంట్ చేస్తామప్పా, లేకుంటే మీ పులివెందుల బస్సెక్కు" అన్నాడు.

అది ఒక ప్రశ్న అడుగుతుంది. జవాబు తప్పయితే "మళ్లీ ఆలోచించి మార్చుకుంటారా?" అంటుంది. మార్చుకుంటేనే ముందుకు పోతుంది. ప్రశ్న చిన్నదే. ఒకే రకం బల్బులు రెండు, ఒకదాని వెనక ఒకటి ఒకే తీగకు కడితే ఏది ఎక్కువ వెలుగుతుంది? రెండూ సమానమే. మా క్లాసంతా మాత్రం "మొదటిది" అని నొక్కి కూర్చునింది. ఇదేందిరా అంటే జమ్మలమడుగు పిల్లోడు లేచి, "కాలవలో ముందు చేను తాగినాకనే కదా సార్ చివరి చేనుకు నీళ్లు? మీ కంప్యూటర్ ఎప్పుడన్నా సేద్యం చేసిందా?" అన్నాడు. పోనీ మార్చుకోండ్రా అంటే, "ఒకసారి అనినాక మాట మారుస్తామా సార్!" (మా సీమలో మాట తప్పడం కన్నా పరీక్ష తప్పడం నయం.)

ఆ గొడవలోనే ప్రిన్సిపాల్ వచ్చి, కంప్యూటర్ ముందు కూర్చుని, ఆయన కూడా "మొదటిది" అనే నొక్కినాడు! నా పై ప్రాణాలు పైనే పోయినాయి. తప్పంటే ఆయనకు కోపం, ఒప్పంటే సాఫ్ట్‌వేర్ దండగ, ఎట్లా చూసినా పులివెందుల బస్సే. ఇట్ల కాదని బజారు నుంచి రెండు బల్బులు తెప్పించి తీగకు కట్టినాను. స్విచ్చేస్తే మొదటిది ధగధగా వెలిగింది, రెండోది మినుకు మినుకుమనింది. క్లాసంతా చప్పట్లు. "ఏమప్పా, ఇప్పుడేమంటావు?" అన్నాడు ప్రిన్సిపాల్. మాదీ కాలవ చివరి చేనే. కరెంటంతా మొదటి బల్బే తాగేస్తాందేమో అని నాకే అనుమానం పుట్టింది.

అప్పుడు ముందు బెంచీ అమ్మాయి, "రెండిటినీ తావు మార్చి చూడండి సార్" అనింది. మార్చినాను. ఆ వెలిగే బల్బు చివరికి పోయినా అట్లే వెలుగుతాంది! తీసి చూస్తే ఒకటి నలభై వాట్లది, ఇంకొకటి వంద. (ఎక్కువ వెలిగింది నలభైదే; ఇట్ల ఒకదాని వెనక ఒకటి కడితే తక్కువ వాట్లదే ఎక్కువ వెలుగుతుంది. ఆ సంగతి కూడా చెబితే ఆ పూట ఎవరికీ అన్నం సయించదని ఊరుకున్నా.) ప్రిన్సిపాల్ రెండు బల్బుల మీది అంకెలూ చదివి, "మార్చుకుంటా" నొక్కినాడు. వెంటనే క్లాసంతా టకటకా నొక్కింది. అర్థమై నొక్కినారో, పెద్దాయన నొక్కినాడని నొక్కినారో నాకు ఇప్పటికీ తెలీదు. నా ఉద్యోగం మాత్రం నిలబడింది.

ఏండ్ల తరబడి ఆ పాఠమే చెప్పి రిటైరైనాను. అయినా పెండ్లికో ఉరుసుకో యాడన్నా బల్బుల తోరణం కడితే, నా కండ్లు ముందుగా చివరి బల్బు మీదికే పోతాయి. పాపం, దానికి అందిందో లేదో అని.