తుపాకీ క్యాసెట్‌కు పోయి ఆరున్నర ఎకరాలు చూసొచ్చిన వైనం

ఒక టీవీ ఆట క్యాసెట్ కోసం వెళ్లి, సగం ఊరిని వెనకేసుకుని పొలాల్లో తిరిగి, కొత్త బూటొకటి బురదకు సమర్పించి, మా బాపును ఉన్నపళంగా చేవెళ్ల నుంచి పరుగు పెట్టించిన ఘనుణ్ని నేను. ఇంతటి ఘనకార్యం చేసినవాడు మొయినాబాద్ మండలంలో మరొకడుంటే చెప్పండి, ఇక్కడే ఆపేస్తాను. లేడు కదా? అయితే వినండి.

అవి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చిందంటే వీధంతా మిఠాయి పంచుకున్న రోజులు. చేవెళ్లలో మాది కిరాణా దుకాణం. నేను రోజూ మెహిదీపట్నం బస్సెక్కి, అక్కడి నుంచి కంపెనీ బండిలో ఆఫీసుకు పోయేవాణ్ని. తోటివాళ్లు జీతంతో బైకులు కొంటుంటే నేను పాత టీవీ ఆటలు కొనేవాణ్ని. చిన్నప్పుడు టీవీకి వైరు తగిలించి, పైన క్యాసెట్ గుచ్చి, బొమ్మ రాకపోతే తీసి ఉఫ్ అని ఊది మళ్లీ గుచ్చేవాళ్లమే, అవే.

మా ఆఫీసులో ఈ పిచ్చి ముగ్గురికి ఉండేది. మా టీమ్ లీడర్ ఆటలన్నీ కంప్యూటర్లోకి దించుకుని అన్నీ తన దగ్గరే ఉన్నాయనేవాడు, పెళ్లి విందును ఫొటో తీసుకుని కడుపు నిండిందన్నట్టు. నా పక్క సీటు షాహీన్ దొరికిన ప్రతి ఆటా ఆడేది. విసుగు పుడితే ఇంకొకరితో మార్చుకునేది. ఆమె క్యాసెట్లు స్టిక్కర్లు ఊడి, మూలలు విరిగి, అప్పుడే దవాఖాన నుంచి ఇంటికొచ్చినట్టుండేవి. ఇక నేను! ఒక్కోదాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, నంబరు వేసి, పట్టికలో ఎక్కించి, బీరువాలో పెట్టి తాళం వేసేవాణ్ని. ఆడటమా? దేవుడి నగలు పూజారి పెట్టుకుని తిరుగుతాడా? చేవెళ్ల నుంచి మెహిదీపట్నం దాకా నా అంత సేకరణ ఎవరికీ లేదని ఛాతీ మీద చెయ్యి వేసుకుని చెప్పేవాణ్ని. ఇప్పటికీ చెప్తాను.

ఆ బీరువాలో ఒక్కటే లోటు. ఎర్ర తుపాకీని టీవీకి గురిపెట్టి ఎగిరే పిట్టల్ని కొట్టే ఆట. ఒకనాడు మా దుకాణంలో బెల్లం తీసుకుంటూ మొయినాబాద్ దగ్గరి హిమాయత్‌నగర్ ఊరి రైతు అంతిరెడ్డి పటేల్, వాళ్లింట్లో అలాంటి తుపాకీ ఆట ఉందని బాపుతో అన్నాడట. బాపు ఆ మాట అన్నంలో పప్పు కలుపుతూ మామూలుగా చెప్పాడు. నేను కంచం వదిలి బీరువాలో చోటు సర్దాను.

శనివారం పొద్దున్నే మా చిన్నాయన కారు అడుక్కుని, షాహీన్‌ను వెంటబెట్టుకుని బయల్దేరాను.

"పోయి అడుగుదాం యార్. ఇస్తే ఇస్తరు, లేకపోతే లేదు," అంది షాహీన్.

"నీకు తెల్వదు. మనకు కావాలని తెలిస్తే అస్సలు ఇయ్యరు. దాని పేరు తియ్యొద్దు, దాని దిక్కు చూడొద్దు. వాళ్లంతట వాళ్లే తెచ్చి చేతిల పెట్టాలె. నువ్వు నోరు తెరవకు, నేను చూస్కుంట."

చూసుకున్నాను. బ్రహ్మాండంగా చూసుకున్నాను.

అంతిరెడ్డి అరుగు మీద కుర్చీలు వేయించాడు. అతని తల్లి, అందరూ పిలిచే అవ్వ, బయటికొచ్చి, "ఎండల నువ్వెందుకు బిడ్డా, లోపలికి రా," అని షాహీన్‌ను తీసుకుపోయింది. నేను నల్ల కళ్లద్దాలు సర్దుకున్నాను.

"ఏం పని మీదొచ్చినవ్ సేటూ?"

"ఏం లేదు పటేలా. ఊకెనే, గాలికొచ్చిన."

ఆ రోజుల్లో కార్లేసుకుని మొయినాబాద్ దిక్కు గాలికొచ్చేవాళ్లంతా భూములు కొనేవాళ్లే. ఆ సంగతి నాకు తట్టలేదు. అంతిరెడ్డికి తట్టింది. కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"ఏదన్న చూస్తున్నవా?"

"పాతది ఏదన్న ఉంటే చూద్దామని."

"మాది మా తాత నాటిది."

తాత కాలంలో టీవీయే లేదు కదా అనిపించింది. అమ్మేవాడు ఆ మాత్రం గొప్పలు చెప్పుకుంటాడులే అని సరిపెట్టుకున్నాను.

"చేతులు గిట్ల మారిందా?"

"ఇయ్యాల్టి దాక మా ఇంటోళ్లది తప్ప ఇంకొగల చెయ్యి పడలే."

"మరి కాగితాలు?"

డబ్బాతో వచ్చిన కాగితాలు కూడా ఉంటే మాలాంటి వాళ్లకు అది పండగే.

"అన్ని ఉన్నయ్. ఒక్కటి గూడ పోలే."

ఎగిరి గంతేయాలనిపించింది. అయినా ముఖంలో ఏమీ కనబడనివ్వకుండా, "నీళ్లు తగిలినయా ఎప్పుడన్న?" అన్నాను.

"నీళ్లకేం ఫికర్ లేదు సేటూ! రెండు బోర్లున్నయ్. పా, చూపెడ్త!"

అప్పుడు వెలిగింది నాకు. అప్పుడైనా నిజం చెప్పేయవచ్చు. కానీ అంత తెలివిగా మాట్లాడిన మనిషిని, నవ్వులపాలవుతానా? లేచి అతని వెంట నడిచాను.

ఆరెకరాల ఇరవై గుంటలు. అంతిరెడ్డి అంగుళం వదలకుండా చూపించాడు. "గీ మూలకు మా నాయన బంతితోట పెట్టేటోడు. గీ గట్టు మీద నన్ను పండవెట్టి మా అవ్వ టమాటలు తెంపేది." మొదటి బోరు దగ్గర మేం ఇద్దరం. రెండో బోరు దగ్గరికి వచ్చేసరికి ఇరవై మంది.

"సేటూ, మాది గూడ పక్కపొంటే ఉన్నది. జర చూడు."

"కంపెనీ పెడ్తవా? మా పిలగానికి నౌకరి ఇయ్యాలె మరి."

అందరికీ గంభీరంగా తలూపాను. అంతటితో ఊరుకున్నానా? వంగి పిడికెడు మట్టి తీసి వాసన చూశాను. ఎందుకు చూశానో ఇప్పటికీ నాకు తెలియదు. "మంచిగున్నది," అన్నాను. జనం గౌరవంగా రెండడుగులు వెనక్కి జరిగారు. అదే అదనుగా నా కాలు కాలువలోకి జారింది.

బురదలో ఉండిపోయిన బూటు కోసం తడుముతుండగా గట్టు మీద తెల్లచొక్కా కనబడింది. మా బాపు! చేతిలో మిఠాయి డబ్బా. ఎవరో దుకాణానికి ఫోన్ చేశారట.

"నా కొడుకు భూమి కొంటున్నడని దుకాణంల అందరికి చెప్పొచ్చిన," అన్నాడు బాపు, వెలిగిపోతున్న ముఖంతో. "నాకు ముందుగాల చెప్పొద్దారా?"

ఆ ముఖం చూశాక నా తెలివి అంతా చచ్చిపోయింది. "బాపు, నేను భూమికి రాలే. వీళ్లింట్ల టీవీ ఆట ఉన్నదంట, దానికొచ్చిన."

బాపు మిఠాయి డబ్బా గట్టు మీద పెట్టాడు. రెండో బోరు ఒక్కటే గుడగుడమంటోంది.

"ఇరవై ఏండ్లు గల్లా పక్కన పెరిగినవ్," అన్నాడు బాపు మెల్లగా. "దుకాణానికొచ్చినోడు ఏం గావాల్నో చెప్పకుంట నిలవడితే నేనేం కట్టియ్యాలె రా?"

ముందు నవ్వింది అంతిరెడ్డే. ఆ తర్వాత ఇరవై మందీ. అంతిరెడ్డి నవ్వి నవ్వి గట్టు మీద కూలబడి, చాలాసేపు పొలం వైపు చూశాడు.

"మంచిదే అయింది సేటూ. పొద్దటి సంది గింతగనం చెప్పుకుంట తిరిగితే నాకే అమ్మబుద్ధయితలేదు."

అమ్మలేదు కూడా. చుట్టూ ఫామ్‌హౌస్‌ల గోడలు లేచినా ఆ ఆరున్నర ఎకరాల్లో ఇప్పటికీ కూరగాయలే పండుతున్నాయి. ఆ పొలాన్ని నిలబెట్టింది నా తెలివితక్కువతనమేనని నేను సగర్వంగా చెప్పుకుంటాను. మా బాపు తెచ్చిన మిఠాయి అక్కడే పంచిపెట్టాం.

అంతిరెడ్డి ఇంటికి తిరిగొచ్చి చూస్తే అవ్వ, షాహీన్ టీవీ ముందు నేల మీద కూర్చుని ఉన్నారు. అవ్వ చేతిలో ఎర్ర తుపాకీ. ఒక కన్ను మూసి పిట్టల్ని రాలగొడుతోంది.

"రాంగనే అడిగిన," అంది షాహీన్. "నేను సంచిల తెచ్చిన వేరే తుపాకీ ఆట అవ్వకిచ్చి, పిట్టల క్యాసెట్ నేను తీసుకుంటున్న. ఇది ఆఖరి ఆట."

"రోజు గవే పిట్టలు. యాష్టకొచ్చింది," అంది అవ్వ, గురి తప్పకుండా.

మిగిలింది నేను. జీవితంలో మొదటిసారి నోరు తెరిచి సూటిగా అడిగాను. "అవ్వా, గీ ఆట వచ్చిన అట్ట డబ్బా ఉంటే నాకియ్యరాదు."

"గదా? ఎల్లిగడ్డలు పోసిన దాంట్ల." అవ్వ వెంటనే లేచి డబ్బా చాటలోకి గుమ్మరించి నా చేతిలో పెట్టింది. "గీ డబ్బకా బిడ్డా గింత పొద్దు తిరిగినవ్, పాపం!"

ఆ డబ్బా ఇప్పటికీ నా బీరువాలో నంబరుతో సహా ఉంది. తాళం తీస్తే చాలు, ఇల్లంతా వెల్లుల్లి వాసన. నా మొత్తం సేకరణలో చూసినవాళ్లు కథ చెప్పమని అడిగేది దాని గురించే.

ఆనాడే ఆ వాకిట్లో, ఒంటి బూటుతో నిలబడి ప్రమాణం చేశాను. ఇక మీదట ఎవరి గడప తొక్కినా, మంచినీళ్లు అందుకోకముందే వచ్చిన పని చెప్పేస్తాను. ఇంతవరకు తప్పలేదు. మొన్న ఒక పెళ్లికి వెళ్లి, ద్వారం దగ్గర పన్నీరు చల్లుతున్న పెద్దాయనతో, "భోజనానికొచ్చిన," అని చెప్పి నేరుగా బంతి దగ్గరికి నడిచాను.