తెల్లపక్షి తాయెత్తు

ఈ అరబ్బు దేశపు రేవు రైసూత్‌లో మా ఫ్యాక్టరీకి కొత్త మెషీన్ బిగించడానికి జపాన్ నుంచి ఒక పెద్దాయన వచ్చారు. వచ్చీరాగానే కంట్రోల్ ప్యానెల్ తలుపుకి చిన్న తెల్ల గుడ్డసంచి కట్టారు. దాని మీద ఎగిరే పక్షి కుట్టి ఉంది. వాళ్ళ ఊళ్ళోని షింటో గుడి తాయెత్తట. ఫోన్లో తర్జుమా చేసి చూపిస్తూ ఆ కథంతా చెప్పారు. ఆ గుళ్ళో దేవుడు ఒకప్పటి రాకుమారుడు, మహావీరుడు. ఒక యుద్ధం ముగియగానే తండ్రి ఇంకో యుద్ధానికి తోలేవాడట. చివరికి ఇంటికొస్తూ దారిలోనే ప్రాణం పోయి, తెల్లపక్షై ఎగిరిపోయాడట. ఆ పక్షి వాలిన చోటే గుడి కట్టారట.

"అచ్చం మా మేనేజర్‌లాంటి తండ్రన్నమాట," అన్నాను. పెద్దాయన పడీపడీ నవ్వారు.

నెల తిరక్కుండా, డ్యూటీలోనే, గుండె ఆగి పోయారు. ఆయన సామాన్లు సర్దే పని నా నెత్తిన పడింది. ప్యానెల్‌కున్న తాయెత్తు విప్పి, ఆయన పెట్టెలో వేద్దామని ఇంటికి తెచ్చాను.

"అయ్యో, దేవుడి వస్తువండీ! పోయినాయన బట్టల్లో పెడితే మైల కాదూ? సముద్రంలో వదిలేసి రండి," అంది మా ఆవిడ.

ఆవిణ్ణనడం దేనికి, నా బుద్ధీ అంతే. పాత పటాలైనా, వాడిన పూలైనా నీళ్ళలో వదలడమే మనకి తెలిసిన మర్యాద. సన్నజల్లులో తడుస్తూ వెళ్ళి, దణ్ణం పెట్టి మరీ విసిరాను. ఏదో పుణ్యం చేసినట్టు కూడా అనిపించింది, నా మొహం.

మూడో రోజు ఆయన కూతురొచ్చింది. పెట్టె తెరిచి ఒక్కొక్కటీ చూసింది. మళ్ళీ మొదటి నుంచీ చూసింది.

"పక్షి ఉన్న సంచి ఏదీ?" అని ఇంగ్లీషులో అడిగింది. పాత తాయెత్తుని ఏటా ఆ గుడికే తిరిగివ్వాలట, అక్కడే పూజ చేసి కాలుస్తారట. "అమ్మ మంచంలో ఉంది. మొదట దాని గురించే అడిగింది. అది గుడికి చేరితేనే నాన్న ఇల్లు చేరినట్టు, ఆవిడ లెక్కలో."

కనిపించలేదని బొంకుదామనీ అనిపించింది, సిగ్గు విడిచి చెబుతున్నా. చివరికి ఉన్నదున్నట్టు చెప్పేశాను. "మా వాళ్ళలో అది గౌరవమేనమ్మా," అని గొణిగాను.

ఆమె తిట్టలేదు. నాలుగు తిట్టినా బాగుండేది. నా ఎదుటే తల్లికి ఫోన్ చేసి, వాళ్ళ భాషలో రెండే ముక్కలు మాట్లాడి పెట్టేసింది.

"నా బ్యాగులోనే ఉందని చెప్పాను," అంది.