పురిటింట్లో నా పుస్తకం

నా మొదటి పుస్తకం అట్ట మీద కలశం బొమ్మ వేసిన విజయనగరం ప్రెస్సాయన మీద నాకు చాలాకాలం కోపం పోలేదు. అది పురుళ్ల గురించిన పుస్తకం. కాన్పు వేళ ఏం చేయాలో, ఏం చేయకూడదో పల్లెటూరి ఆడవాళ్లకు తెలిసేటట్టు రాశాను. "బొమ్మ లేకపోతే ఎవరు కొంటారమ్మా?" అన్నాడాయన. ఆయన దగ్గరున్నవన్నీ పెళ్లికార్డుల బ్లాకులే. దీపం, అరటిచెట్లు, సన్నాయి, కలశం. పురిటికి సన్నాయి బాగుండదని కలశం ఎంచాడు. పైగా కట్టలు నా చేతికిచ్చేటప్పుడు శుభమంటూ ప్రతి అట్టకీ నాలుగు మూలలా పసుపు రాశాడు. మేం చర్చికి వెళ్లేవాళ్లం. పెద్దాయన మనసు కష్టపెట్టడం ఎందుకులే అని ఊరుకున్నాను. ఎప్పుడూ ఊరుకోని దాన్ని, ఆ రోజే ఊరుకోవాలా!

అరవయ్యో దశకం చివరి రోజులు. మా ఆయన నౌపడ ఉప్పుమడుల దగ్గర గుమస్తా. పెళ్లికి ముందు నేను మిషనాసుపత్రిలో నర్సుగా పనిచేశాను. అక్కడ ఊరందరి బిడ్డలకీ బొడ్డు కోశాను గానీ, నా సొంత చెల్లెలి బిడ్డ పుట్టినప్పుడు నేను దగ్గర లేను. కొడవలితో బొడ్డు కోసి, దాని మీద పేడబూడిద అద్దారట. పురిటి స్నానమైనా కాకముందే ధనుర్వాతంతో దవడలు బిగుసుకుపోయి, పాలు తాగలేక, విల్లులా వంగిపోయి చచ్చిపోయాడు. వాడి ముఖం నేను చూసింది అప్పుడే. ఆ ఏడుపులోనే ఈ పుస్తకం రాయాలనుకున్నాను.

పుస్తకాలు వేసేవాళ్లకు చూపిస్తే, "ఇవి అచ్చులో పెట్టే మాటలా అమ్మా?" అన్నారు. మీ అమ్మలు మిమ్మల్ని ఎలా కన్నారయ్యా అని అడిగి, కాగితాలు లాక్కుని వచ్చేశాను. ఇక నేనే వేసుకున్నాను.

వంటింట్లో అన్నం ఉడికేలోపు రాసేదాన్ని. పెన్సిలు, దాన్ని చెక్కుకోడానికి సగం బ్లేడు ఎప్పుడూ నా సంచిలో ఉండేవి. రాసింది నీళ్లకొచ్చే ఆడవాళ్లకు చదివి వినిపించేదాన్ని. ఎవరైనా "ఏటి?" అన్నారంటే ఆ వాక్యం కొట్టేసి మళ్లీ రాయడమే. ప్రెస్సులో అచ్చయిన కాగితాల్ని పాసింజరు బండిలో ఇంటికి తెచ్చి, మడిచి, దబ్బనంతో నేనే కుట్టేదాన్ని. అంచులు కోసే మిషను నాకెక్కడిది? మడతలు అలాగే ఉండేవి, కొన్నవాళ్లు కోసుకుని చదువుకోవాల్సిందే. "మనింట్లో కూర్చోడానికి చాపైనా లేదు గానీ పుస్తకాలకి మంచముంది" అని మా ఆయన ఎత్తిపొడిచేవాడు. ఎత్తిపొడుస్తూనే సూదిలో దారం ఎక్కించి ఇచ్చేవాడు.

సంతలో అమ్మేసి చేతులు దులుపుకునే రకం కాదు నేను. కొన్నవాళ్ల ఇళ్లకు వెళ్లి, చదివారా, ఏది అర్థం కాలేదు అని అడిగేదాన్ని. రెండో అచ్చులో సరిచేద్దామని నా ఆశ. అలాగే ఒక ముసురు రోజున భావనపాడు వైపు ఒక జాలరి పల్లెకు వెళ్లాను. సంతలో పుస్తకం కొన్న ముసలావిడ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లేసరికి లోపలినుంచి మూలుగులు వినబడుతున్నాయి. ముసలావిడ నన్ను చూసి ఎదురొచ్చింది.

"ఓలమ్మ! దేవతలాగ వొచ్చినావు తల్లీ. మా కోడలికి నొప్పులొస్తన్నాయి. నీ పుస్తకం ఉన్నాది, మాకు భయం నేదు."

నా ఒళ్లు పొంగిపోయింది. ఇన్నాళ్లకి నన్ను చదివినవాళ్లు దొరికారు! చెప్పులు విడిచి లోపలికి వెళ్లాను.

కోడలుపిల్ల చాప మీద వెల్లకిలా పడుకుని పళ్లు బిగించి ఉంది. ఆమె తలకింద నా పుస్తకం. కలశానికి కుంకుమబొట్టు, చుట్టూ పసుపు. ఒక్క మడత కోస్తే ఒట్టు. మంత్రసాని పక్కన, నేల మీద, చేపలు కోసే కత్తి. దాని పక్కన కొబ్బరిచిప్పలో పేడబూడిద.

విల్లులా వంగిపోయిన మా చెల్లెలి బిడ్డ కళ్ల ముందుకొచ్చాడు.

"చదవలేదా అమ్మా?" అన్నాను.

"సదవడమేటి తల్లీ! కలశం పుస్తకం గదా, తలకింద పెట్టినాం. ఎనకింటిదానికీ ఇదే పెడితే సుకంగా అయిపోనాది. మా గుంటడు అయిదు సదివినాడు గానీ, పురిటి పుస్తకం మొగోడు ముట్టుకుంటాడేటి?"

ఆ ప్రెస్సాయన ఎదురుగా ఉంటే ఏం చేసేదాన్నో! కానీ తిట్టుకునే టైము కాదది. నా సంచిలో బ్లేడుంది. దాన్ని మరగబెట్టాలి. వంటపొయ్యి చూస్తే వసారాలో, వాన నీళ్లలో మునిగి ఉంది. పురిటింట్లో కుంపటి ఉంది గానీ, తడిసిన సరుగుడు పుల్లలు పొగ తప్ప మంట ఇవ్వడం లేదు. కిరసనాయిలు బుడ్డి అడుగంటింది. ఇరుగుపొరుగుల్ని అడిగిరమ్మని కొడుకుని పంపాను. వాడు తడి తాటాకులు తప్ప ఏమీ దొరక్క తిరిగొచ్చాడు. నేను ఊదుతున్నాను, కళ్లు మండుతున్నాయి, చెంబులో నీళ్లు చల్లగా అలాగే ఉన్నాయి. ఇంతలో బిడ్డ కేరుమంది.

మంత్రసాని చెయ్యి కత్తి మీదికి వెళ్లింది.

"ఆగు!" అని అరిచాను.

చాప దగ్గరికెళ్లి ఆ పిల్ల తల ఎత్తి పుస్తకం లాగాను. కుట్టు విప్పి, దారం పక్కన పెట్టి, మొదటి కాగితం నలిపి నిప్పుల మీద వేశాను. భగ్గుమంది. ముసలావిడ గుండెలు బాదుకుంది.

"ఓలమ్మో! సదువులతల్లిని కాల్సేస్తన్నాది! నా ఇంటికి పాపం తెస్తన్నాది! ఒరే, ఈవిడ్ని బయిటికి లాగరా!"

కొడుకు గడప అవతలే నిలబడిపోయాడు. పురిటింట్లోకి వాడు రాకూడదు. ఆ ఆచారం ఆ రోజు నన్ను కాపాడింది. ముసలావిడ మాత్రం నా జబ్బ పట్టుకుని లాగుతూనే ఉంది. నేను ఒక చేత్తో ఆవిణ్ని తోస్తూ, ఇంకో చేత్తో కాగితాలు వేస్తూనే ఉన్నాను. ఏ కాగితం ఎన్నిసార్లు కొట్టేసి రాశానో నాకు తెలుసు. వెయ్యడానికి చెయ్యి రాకపోయినా వేశాను.

మంత్రసాని నావైపూ బిడ్డవైపూ చూసి, కత్తి కింద పెట్టింది. "వొగ్గియ్యే ఆవిణ్ని" అని ముసలావిడను కసిరింది. "మాయ పడేదాకా బొడ్డు కొయ్యకపోనా గుంటకేటీ అవదు. నీల్లు కాగనీ."

పుల్లలు ఆరి అంటుకున్నాయి. నీళ్లు తెర్లాయి. బ్లేడు, పుస్తకం కుట్టిన దారం రెండూ అందులో వేశాను. బాగా మరిగాక, ఆ దారంతోనే కట్టి, మంత్రసాని బొడ్డు కోసింది. కొబ్బరిచిప్ప నేను వసారాలోకి విసిరేశాను. ఆడపిల్ల.

"ఈ గుంటకేటైనా అయితే నీదే పాపం" అంది ముసలావిడ, నేను గడప దాటుతుంటే.

ఇంటికొచ్చాను గానీ ప్రాణం అక్కడే ఉంది. ఆవిడ మాట నిజమే. ఆ బిడ్డ పోతే, పుస్తకం కాల్చినందుకే పోయిందంటారు. ఆ చుట్టుపక్కల ఏ ఇల్లూ నన్ను గడప తొక్కనివ్వదు. నా పరువు గంగలో కలిస్తే కలిసింది. మళ్లీ ఒక బిడ్డ దవడలు బిగుసుకోవడం మాత్రం నేను చూడలేను. వెళ్లి చూద్దామంటే వాళ్లు రానివ్వరు. పెన్సిలు పట్టుకుంటే ఒక్క మాట వచ్చేది కాదు. అన్నం మాడిపోయేది. మా ఆయన ఎత్తిపొడుపులు మానేశాడు, దాంతో నాకు ఇంకా భయం వేసింది.

ఆ కోడలుపిల్లకి పురిటి స్నానం రోజని సంతలో ఎవరో అంటే, ఉండబట్టలేక వెళ్లాను. వాకిట్లో జనం. దూరంనుంచే ముసలావిడ నన్ను చూసింది. లోపలికి వెళ్లింది. పొమ్మంటుందనుకున్నాను. బిడ్డను తెచ్చి నా ఒళ్లో పెట్టింది. బొడ్డు ఎండి రాలిపోయింది. చిటికెనవేలు నోటికి తగిలిస్తే, చప్పుడయ్యేటట్టు చప్పరించింది. ఆ దవడలు కదులుతుంటే అందరి ముందూ భోరుమని ఏడ్చేశాను.

ముసలావిడ పక్కన కూర్చుంది. "ఇంకో పుస్తకం ఇయ్యి తల్లీ."

"దేనికి?"

"నా కూతురికి నెల్లు నిండినాయి. పొయిలో ఎయ్యాల."

ఏడుపు టక్కున ఆగిపోయింది. కాల్చుకోడానికా నేను రాసింది అని నోటిదాకా వచ్చింది. ఒళ్లో బిడ్డ ఇంకా నా వేలు వదల్లేదు. నోరు మూసుకున్నాను. ఈసారి మాత్రం ఆలోచించే మూసుకున్నాను.

"ఊరికే వేస్తే పనిచెయ్యదమ్మా" అన్నాను. "మీ అబ్బాయి గడప అవతల కూర్చుని, మడత కోసి, ఒక్కో కాగితం పైకి చదవాలి. మీరంతా వినాలి. విన్నాకే ఆ కాగితం పొయ్యిలో పడాలి."

"మరి నీల్లెంతసేపు కాగాల?"

"ఆఖరి కాగితం దాకా."

ఆవిడ మొక్కు నియమాలు విన్నట్టు విని తలూపింది. తర్వాత కొడుకును కేకేసింది. "ఒరే, బ్లేడు తేరా! మన గుంట పుట్టినప్పుడు సదవనేదు గదా, ఆ బాకీ ముందు తీర్సీ."

వాడు సిగ్గుపడుతూ గడప అవతల చతికిలబడి, నేనిచ్చిన పుస్తకం మడత కోసి, కూడబలుక్కుంటూ మొదలుపెట్టాడు. ఆడవాళ్లు చుట్టూ చేరారు. రెండో వాక్యం దగ్గరే మంత్రసాని "ఏటి?" అంది.

నేను సంచిలోంచి పెన్సిలు తీశాను.