ఇరవై నాలుగు నిమిషాలకు ఆగిపోయే ఏసీ: మండపేట నుంచి రాజమండ్రికి మా పాత లారీలో

మా రైసుమిల్లు లారీకి పద్నాలుగేళ్ళు నిండాయి. కొన్నప్పుడు దానికి ఏసీ లేదు. ఆరేళ్ళ క్రితం మా అబ్బాయి కేబిన్లో విడిగా పెట్టించాడు. రెండేళ్ళుగా అది కాసేపు చల్లగాలి ఇచ్చి, తర్వాత వేడిగాలి ఊదుతోంది. గ్యాసు తగ్గిందన్నారు, రెండుసార్లు పట్టించాం, 2,800 చొప్పున. ఫ్యాను మోటారు పోయిందన్నారు, మార్పించాం, 4,200. మొత్తం 9,800 ఖర్చయ్యాక కూడా రోగం అలాగే ఉంది. షెడ్డుకు తీసుకెళ్ళిన ప్రతిసారీ అక్కడ చక్కగా పనిచేస్తుంది, రోడ్డెక్కాక ఆగిపోతుంది. ఈ మే నెలలో డ్రైవరు దుర్గారావు తాళాలు నా ముందు బల్లమీద పెట్టి, "ఈ ఎండలో ఇంజను పక్కన కూర్చుని తోలడం నా వల్ల కాదండి అమ్మగారూ. బాగుచేయించండి, లేకపోతే ఇంకెవర్నన్నా చూసుకోండి" అన్నాడు. మా అబ్బాయి ఏసీ పీకించేద్దామన్నాడు. పీకేముందు సంగతేమిటో నా కళ్ళతో చూస్తానని నేనే లారీ ఎక్కాను. నాకు డెబ్బై ఒకటి. ముప్పై ఒక్క సంవత్సరాలు హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాను. పాత బండి ఏసీతో విసిగి రాజమండ్రి షెడ్లకు వెళ్దామనుకునేవారికి పనికొస్తుందని ఆ రోజు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నాకు గౌరవం తెచ్చే సంగతులు ఇందులో తక్కువ.

ఏసీ ఎవరి వల్ల పాడయిందో నాకు తెలుసనే ధీమాతోనే బయల్దేరానని ముందే చెప్పాలి. దుర్గారావుకు ముందు సత్తిబాబు అనే అతను తొమ్మిదేళ్ళు మా లారీ తోలాడు. రెండేళ్ళ క్రితం ఏప్రిల్లో ఒక ఉదయం, ధాన్యం లోడు కోసం లారీ తీయబోతే బ్యాటరీలు చచ్చిపోయి ఉన్నాయి. నేను కేబిన్లోకి తొంగిచూస్తే బ్యాటరీల వైపు నుంచి డాష్‌బోర్డు కిందికి ఒక లావుపాటి ఎర్ర తీగ కనిపించింది, నల్ల టేపు చుట్టి. కంపెనీ తీగ కాదు. ఇదేమిటని అడిగితే ఏసీ ఆగకుండా తనే వేశానన్నాడు. బాగా నడుస్తున్న ఏసీకి తీగెందుకు అన్నాను. సొంతానికి ఫ్యాను, ఫోను ఛార్జింగు పెట్టుకోవడానికి వేసుకుని ఉంటాడని నిశ్చయించుకున్నాను. మిల్లు ఆవరణలో కలాసీలూ, ఇంకో ముగ్గురు డ్రైవర్లూ వింటుండగా, "నా బండిలో దొంగ కనెక్షను పెట్టావు" అని తాళాలు తీసుకున్నాను. ఆ మధ్యాహ్నమే తీగ కోయించాను. మర్నాటి నుంచి ఏసీ ఆగిపోవడం మొదలైంది. అతనే పాడుచేసి పోయాడనడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి అనుకున్నాను. అడిగినవారికీ, అడగనివారికీ అదే చెప్పాను.

ఉదయం 6.10కి మండపేటలో బయల్దేరాం. ద్వారపూడి, కడియం మీదుగా రాజమండ్రి ముప్పై కిలోమీటర్ల పైచిలుకు. ఖాళీ లారీ గనుక గంటలో వెళ్ళొచ్చు, కానీ మేము పరీక్ష కోసం వెళ్తున్నాం గనుక తొందరపడలేదు. ఏసీ వేసి నేను గడియారం చూస్తూ కూర్చున్నాను. సరిగ్గా 6.34కి, ద్వారపూడి కనబడుతుండగా, ముందు ఎక్కడో టక్కుమంది. గాలి వస్తూనే ఉంది, చల్లదనం పోయింది. "ఇదిగోండి, ఇదే అమ్మగారూ. మెకానిక్కుల ముందు చచ్చినా ఇలా చెయ్యదండి" అన్నాడు దుర్గారావు.

ద్వారపూడిలో రోడ్డు పక్క పాకలో టిఫిను చేశాం. పెసరట్టు ఉప్మా 60, టీ 15, ఇద్దరికీ 150. అట్టు పోస్తున్న ఆవిడ నేను లారీ మెట్టు దిగడం చూసి నవ్వింది. "లారీలో దిగారేంటండి మామ్మగారూ, బస్సులు లేవా?"

"ఏసీ లారీ అక్కా మాది" అన్నాడు దుర్గారావు.

"ఏసీ అయితే నువ్వలా తడిసి ముద్దయ్యావేంటయ్యా?"

దుర్గారావు టీ గ్లాసు అందుకోవడానికి అటు తిరిగాడు. నేను కూడా అప్పుడే అతని వీపు చూశాను. చొక్కా అంతా తడి, నడుం దగ్గర ఉప్పు తెల్లగా అట్టకట్టింది. రెండేళ్ళు ఇతను ఇలాగే తోలాడు. కిటికీలు తీసుకోమని చెప్పడం తప్ప నేను చేసిందేమీ లేదు.

7.05కి మళ్ళీ బయల్దేరితే ఏసీ మామూలుగా పనిచేసింది. 7.16కి, కడియం చేరకముందే, ఆగింది. నర్సరీల దగ్గర పావుగంట నిలిపి చూశాం. రోడ్డుకి రెండువైపులా మొక్కలకు అప్పుడే నీళ్ళు కొడుతున్నారు, ఆ వేళకి అక్కడ గాలి బాగుంటుంది, ఆగదలిచినవారు ఆగవచ్చు. మళ్ళీ కదిలాక ఈసారి తొమ్మిది నిమిషాలే నడిచింది. మూడు అంకెలూ కాగితం మీద వేసుకున్నాను. 8.10కి మోరంపూడి దాటి షెడ్డు చేరాం.

ఎలక్ట్రీషియను నూకరాజుకు అరవై ఏళ్ళుంటాయి. కళ్ళజోడుకు ఒకవైపు కాడ లేదు, దారం కట్టుకున్నాడు. నేను కాగితం ఇవ్వగానే చదివి, బానెట్టు వైపు కాకుండా కేబిన్ వైపు నడిచాడు. "గ్యాసు చూడవా?" అని అడిగాను.

"గ్యాసు లేకపోతే మొదట్నుంచీ చల్లబడదు కదండి. ఇది వేడెక్కితే వదిలేస్తోంది, చల్లారితే పట్టుకుంటోంది. ఇది కరెంటు రోగమండి. ఈ టైములు రాసింది మీరేనా?"

"నేనే."

"మా దగ్గరకొచ్చేవాళ్ళంతా ఏసీ పనిచెయ్యట్లేదంటారంతేనండి. ఎప్పుడు ఆగింది, ఎంతసేపటికి ఆగింది అనడిగితే నా మొహం చూస్తారు."

ఇంజను నడిపి, ఏసీ వేసి, అది ఆగేదాకా తాపీగా టీ తాగాడు. ఇరవై రెండో నిమిషంలో టక్కుమంది. అప్పుడు మీటరు తీశాడు. బ్యాటరీల దగ్గర ఇరవై ఏడు వోల్టులు చూపించింది. కంప్రెషరును పట్టి తిప్పే అయస్కాంతపు క్లచ్చు దగ్గర పదహారు. "పదకొండు వోల్టులు దారిలో ఎక్కడో మింగేస్తోందండి" అంటూ డాష్‌బోర్డు కిందికి దూరి ఫ్యూజు బాక్సు మూత తీశాడు. ఏసీకి కరెంటు కలిపే రిలే కూర్చునే సాకెట్టును ఊడదీసి నా చేతిలో పెట్టాడు.

రాగి కాళ్ళు చిలుము పట్టి పచ్చగా ఉన్నాయి, ఒక పక్క ప్లాస్టిక్కు కాలి నల్లబడింది. మధ్యలో పసుపు మరక. ఆ మరకలో అతుక్కుని నాలుగు బియ్యపు గింజలు.

"అక్షింతలండి" అన్నాడు నూకరాజు. "డాష్‌బోర్డు మీద కొబ్బరినీళ్ళు పోస్తున్నారా?"

ప్రతి దసరాకూ ఆయుధపూజ నా చేతిమీదుగానే జరుగుతుంది. అందరూ బండి ముందు కొబ్బరికాయ కొట్టి ఊరుకుంటారు. నేను లోపల కూడా చెయ్యాలంటాను. స్టీరింగుకు బొట్టు పెట్టి, డాష్‌బోర్డు మీద పసుపునీళ్ళు చల్లి, కాయలో మిగిలిన నీళ్ళు అక్కడే పోసి, అక్షింతలు వేస్తాను. ఉప్పున్న నీళ్ళు రాగిని తింటాయనీ, తుప్పు పట్టిన అతుకు దగ్గర నిరోధం పెరిగి వేడి పుడుతుందనీ పిల్లలకు ఎన్ని బ్యాచులకు చెప్పానో లెక్కలేదు.

"బండికి దండం పెట్టండి మామ్మగారూ, తలంటు మాత్రం పొయ్యకండి" అని నూకరాజు నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. ఎందుకంటే అదే క్షణంలో నాకు సత్తిబాబు మాట గుర్తొచ్చింది. తాళాలు ఇచ్చేముందు అతను, "పూజప్పుడు నీళ్ళు లోపలికి దిగుతున్నాయండి అమ్మగారూ, అందుకే తీగ వేశాను" అన్నాడు. "నీ తప్పు దేవుడి మీదకి తోస్తావా?" అని నేను నోరు మూయించాను. రెండేళ్ళుగా ఈ మాట నాకు గుర్తే రాలేదు.

నూకరాజు ఇంకా లోపలే ఉన్నాడు. "ఇక్కడ ఎవరో ఇంతకుముందే మంచి పని చేశారండి. ఈ కుళ్ళిన అతుకును తప్పించి బ్యాటరీ నుంచి నేరుగా తీగ లాగారు, మధ్యలో ఫ్యూజు కూడా వేశారు. నేను చెయ్యబోయేదీ ఇదేనండి. దాన్ని ఎవరో అడ్డంగా కోసేశారు. ఎవడో తెలివితక్కువవాడు."

"కోయించింది నేనే" అన్నాను.

ఆయన తల బయటపెట్టి నన్ను చూసి, మళ్ళీ లోపలికి దూరాడు. బ్యాటరీలు చచ్చిపోవడానికి ఆ తీగ కారణమై ఉంటుందా అని నేనే అడిగాను. తాళంచెవి తిప్పితేనే దానిలో కరెంటు పారేలా వేశారని, పాత బ్యాటరీలు వాటంతట అవే పోయి ఉంటాయని చెప్పాడు. రిలే, సాకెట్టు 520, తీగ, క్లిప్పులు 310, కూలి 600, మొత్తం 1,430. పన్నెండున్నరకు అయిపోయింది.

సత్తిబాబు ఎక్కడున్నాడో తెలుసా అని దుర్గారావును అడిగాను. "ధవళేశ్వరంలోనే ఉన్నాడండి. మన దగ్గర మానేశాక మిల్లులవాళ్ళెవరూ బండివ్వలేదండి. ఆటో తోలుతున్నాడు" అన్నాడు. ఎందుకివ్వలేదో అతను చెప్పలేదు, నేనూ అడగలేదు. మోరంపూడి నుంచి పావుగంట ప్రయాణం. లారీ సందులోకి వెళ్ళదు, కాలవగట్టు మీద నిలిపి నడిచాను. ఒంటిగంటకు ఇల్లు దొరికింది. సత్తిబాబు అప్పుడే భోజనానికొచ్చి అరుగు దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"అమ్మగారా! రండి, రండి. ఈ ఎండలో ఏంటండి?" అన్నాడు, రెండేళ్ళ కిందటి మర్యాదతోనే. నేను కూర్చోలేదు. నూకరాజు ఇచ్చిన పాత సాకెట్టు సంచిలోంచి తీసి అతనికిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి తిరిగి ఇచ్చేశాడు.

"తెలిసిందాండి" అన్నాడు.

"తెలిసింది. తప్పు నాది. తిరిగి వచ్చెయ్యి సత్తిబాబూ. దుర్గారావు పని పోకుండా రెండో బండి చూస్తాం."

"ఒద్దండి. ఆటో నాదే, బానే ఉంది."

"మరి నేనేం చెయ్యను?"

అతను వాకిలి వైపు చూసి గొంతు తగ్గించాడు. "మంగకి చెప్పండి చాలు."

అతని భార్య మంగ మా స్కూల్లోనే పదో తరగతి దాకా చదివింది. నా క్లాసులో మూడేళ్ళు ఉంది. "మా టీచరుగారు ఊరికే అనరు, నువ్వు చేసే ఉంటావు అందండి. ఎళ్ళి క్షమాపణ అడుగు అని ఏడాది పోరింది. చెయ్యనిదానికి నేనెందుకడగాలండి? అడగలేదని రెండు నెలలు పుట్టింట్లో కూర్చుంది. ఇప్పటికీ ఆటోలో ఏదన్నా పాడయితే ముందు నా మొహం చూస్తాదండి" అన్నాడు.

మాటలు విని మంగ బయటికొచ్చింది. "టీచరుగారూ, మీరా!" అని కొంగు సర్దుకుని, క్లాసులో నిలబడినట్టే గోడవారగా నిలబడింది. నేను సాకెట్టు చూపించి అంతా చెప్పాను. కొబ్బరినీళ్ళు, చిలుము, అతను వేసిన తీగ, నేను కోయించడం, అతను నిజం చెబితే నేను విననివ్వకపోవడం. ఎక్కడా తడబడలేదు, పాఠం చెప్పడం నాకు అలవాటే. అంతా విని మంగ భర్త వైపు తిరిగింది.

"కొబ్బరినీళ్ళని నువ్వు నాకు చెప్పావా?"

"చెప్పాను. టీచరుగారి పూజని అంటావా అని నువ్వే కేకలేశావు."

మంగ మెల్లగా అరుగు మీద, అతని పక్కన కూర్చుంది. నన్ను కూర్చోమనలేదు. లోపల పప్పుచారు తాలింపు వాసన వస్తోంది, ఒంటిగంటన్నర అయింది. గోదావరి జిల్లాల్లో ఆ వేళకి గడపలోకి వచ్చినవాళ్ళను భోంచెయ్యమనకుండా ఎవరూ పంపరు, ముక్కూమొహం తెలియనివాళ్ళనైనా. మంగ అనలేదు. సత్తిబాబు ఏదో అనబోతే అతని చేతిమీద చెయ్యి వేసి ఆపింది. నేను వెళ్ళొస్తానన్నాను. ఆమె తలూపింది.

తిరుగు ప్రయాణంలో వేమగిరి నుంచి మండపేట దాకా ఏసీ ఒక్కసారి కూడా ఆగలేదు. "చూశారా అమ్మగారూ, ఊటీలా ఉంది" అని దుర్గారావు సంబరపడ్డాడు. కాసేపటికి నన్ను చూసి, "చలేస్తోందాండి, తగ్గించమంటారా?" అన్నాడు. ఉండనీ అన్నాను. మూడింటికి మిల్లు చేరాం. ఆనాడు నా కేకలు విన్నవారిలో ఇప్పుడు ఇద్దరే మా దగ్గర ఉన్నారు. ఆ ఇద్దరినీ పిలిచి చెప్పాను. వాళ్ళు సరేనండి అని పనిలోకి వెళ్ళిపోయారు. మిగిలినవారు ఎక్కడెక్కడ ఉన్నారో తెలియదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. తీగ మార్చడానికి నాలుగు గంటలు పట్టింది. నా మాట నమ్మి ఒక ఇల్లాలు రెండేళ్ళు మొగుణ్ణి అనుమానించింది, ఆ రెండేళ్ళను తిరిగి ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు. నన్ను భోజనానికి పిలవకపోవడం మంగ తప్పు కాదు. నేను ఆమె చోట ఉన్నా పిలిచేదాన్ని కాదు.

ఇలాంటి పనిమీద వెళ్ళేవారికి ఒకే సలహా. గ్యాసు పట్టించేముందు, ఏసీ ఆగిపోయి ఉన్న సమయంలోనే, బ్యాటరీ దగ్గరా కంప్రెషరు క్లచ్చు దగ్గరా వోల్టేజీ కొలిపించండి. రెండు అంకెల మధ్య రెండు మూడు వోల్టులకు మించి తేడా ఉంటే లోపం తీగల్లోనో అతుకుల్లోనో ఉన్నట్టు. డాష్‌బోర్డు కింద కంపెనీది కాని తీగ ఏదైనా కనబడితే, కత్తెర తియ్యకముందు ఆ బండి తోలేవాణ్ణి పిలిచి అదెందుకు వేశావని అడగండి, అతను చెప్పడం పూర్తయ్యేదాకా ఆగండి.