తగ్గించమన్న మాత్ర

టైలరమ్మ చెయ్యి నిదానం, నోరు జోరు. గౌను బిగుతైందని ఎవరైనా వస్తే, "బట్ట కుంచించుకోలేదు తల్లీ, నువ్వే ఒళ్ళు చేశావు" అని మొహం మీదే అనేస్తుంది. అంత మనిషీ కూతురి మందుల దగ్గర మాత్రం ఎవరికీ ఎదురు చెప్పి ఎరగదు. రెండేళ్ల కిందట తన కిడ్నీ ఒకటి ఆ పిల్లకిచ్చింది. "ఒక్క పూట మాత్ర తప్పినా, పరాయి కిడ్నీ అని పిల్ల ఒళ్ళు దాన్ని తిప్పికొడుతుంది" అని ఆసుపత్రిలో చెప్పిన మాట ఆమెకు శిలాశాసనం. ఎనిమిది కొడితే చాలు, సూది బట్టలో ఉండగానే మిషన్ మీంచి లేచిపోయేది.

ఆమధ్య పరీక్షలో పిల్ల రక్తంలో ఏదో వైరస్ కనబడింది.

"కిడ్నీని తినేసే రకం ఇది. పిల్ల ఒంట్లో శక్తే దీన్ని తరమాలి. ఆ శక్తిని మన మందులే అణిచేస్తున్నాయి. అందుకని ఈ తెల్ల మాత్ర పూటకి రెండు కాదు, ఒకటే వెయ్యండి" అంది డాక్టరమ్మ.

టైలరమ్మ తలూపింది. ఇంటికొచ్చాక చెయ్యి రాలేదు. తప్పితే కిడ్నీ పోతుందన్నదీ వీళ్ళే, తగ్గించమన్నదీ వీళ్ళే. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఒక వరస కుట్టు చాలిన చోట రెండు వరసలు వేసే మనిషి. మొగుడికి కూడా చెప్పకుండా ఆరు వారాలు రెండేసి మాత్రలే వేసింది. తెలివితక్కువదంటే అననీ, భయానికి తెలివెక్కడిది?

మళ్ళీ పరీక్ష చేస్తే వైరస్ పదింతలైంది. కిడ్నీ పని మందగించింది.

"తగ్గించినా ఎందుకిలా అయింది? తెల్ల మాత్రతో పాటు వేసే రెండో మందు కూడా తగ్గించాలేమో" అంటూ డాక్టరమ్మ రాయబోయింది.

"నేను తగ్గించలేదండీ" అంది టైలరమ్మ.

కలం ఆగింది. డాక్టరమ్మ తిట్టలేదు. తిడితేనే బాగుండేది.

"ఇవాళ్టి నుంచి ఒకటే వెయ్యండి. వైరస్ తగ్గొచ్చు. కానీ కిడ్నీలో ఇప్పటికే పాడైపోయిన భాగం తిరిగి రాదమ్మా. ఎన్నాళ్ళు పనిచేస్తుందో నేను చెప్పలేను."

పక్క కుర్చీలో పిల్ల కాళ్ళూపుకుంటూ బొమ్మల పుస్తకం చూస్తోంది. టైలరమ్మ ముందుకు వంగి, గొంతు తగ్గించింది.

"నాలో ఇంకోటుంది కదండీ. ఇది పోతే అదీ తీసుకోండి."

"ఆ ఒక్కదానితోనే కదమ్మా మీరు బతుకుతున్నారు?"

"తెలుసండీ" అంది టైలరమ్మ.