రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు

కరీంనగర్ కోర్టు ఎదురుగా ఉన్న ఆ టైపింగ్ సెంటర్‌ను అన్నదమ్ములిద్దరూ కలిసి పెట్టుకున్నారు. 1993లో తమ్ముడు చనిపోయాక అతని భార్య నిర్మలాదేవి వచ్చి అతని కుర్చీలో కూర్చుంది. బావ చొక్కారావుకు అది గిట్టలేదు. గది మధ్య ప్లైవుడ్ అడ్డం పెట్టించాడు. కంప్యూటర్లు చెరొకటి పంచుకున్నారు. ప్రింటరు ఒక్కటే. అది అతని వైపే ఉండిపోయింది.

రెండు కంప్యూటర్ల తీగలూ ప్రింటరు పక్కనున్న ఒక ఇనుప డబ్బాలోకి వచ్చేవి. డబ్బా మీది మీట ఒక వైపు తిప్పితే ప్రింటరు అతనికి పని చేసేది, రెండో వైపు తిప్పితే ఆమెకు. ఆమె పిటిషన్ సగం అచ్చయ్యేసరికి చొక్కారావు మీట తిప్పేసేవాడు.

"బావా, నా పని ఐపోలే. జర ఆగుండ్రి."

"నాది అర్జెంటు."

"ముందుగాల చెప్పచ్చు గద."

"నా ప్రింటరుకు నీకు చెప్పుడేంది?"

ఒకరోజు నిర్మలాదేవి అడ్డం దాటి వెళ్లి, మీట తన వైపు తిప్పి దాని మీదే చెయ్యి పెట్టి నిలబడింది. చొక్కారావు స్కేలు తీసి ఆ వేళ్ల మీద కొట్టాడు. వకీలు గుమాస్తాలు చూస్తూనే ఉన్నారు. ఆ రోజు నుంచి ఆమె అతన్ని బావా అని పిలవలేదు.

జమ్మికుంటలో మూతపడ్డ పత్తి మిల్లు ఆఫీసు నుంచి ఒక పాత ప్రింటరు కొనుక్కొచ్చింది. తీరా చూస్తే దాని వెనక తీగ గుచ్చే మూతి వేరు. అది సంకేతాలను ఒకదాని వెనక ఒకటిగా తీసుకునే సీరియల్ రకం. ఉన్న తీగ దానికి పట్టలేదు. ప్లైవుడ్ అవతల నుంచి చొక్కారావు నవ్వాడు. "తుక్కు కొనుక్కొచ్చింది" అని గుమాస్తాలతో అన్నాడు.

రేడియోలు బాగుచేసే నజీరుద్దీన్ కొత్త తీగ అతికించి ఇచ్చాడు. మొదటి కాగితం మీద అర్థంకాని గుర్తులు పడ్డాయి.

"కంప్యూటర్ పంపే స్పీడు వేరే ఉన్నది, ఇది తీసుకునే స్పీడు వేరే ఉన్నది అక్కా," అన్నాడు నజీరుద్దీన్.

నిర్మలాదేవి ప్రింటరు వెనక ఆ స్పీడు మార్చే చిన్న చిన్న స్విచ్చులను ఒక్కొక్కటే మార్చి చూసింది. చివరికి అక్షరాలు వచ్చాయి గానీ పేజీ మధ్యలో వరుసలు ఎగిరిపోతున్నాయి. వచ్చిన అక్షరాలతో ప్రింటరు మెమరీ నిండిపోయినప్పుడు ఆగమని కంప్యూటర్‌కు చెప్పే తీగ ఒకటి వేరే ఉంటుందని ఇద్దరికీ ఆలస్యంగా తెలిసింది. అది కూడా అతికించాక పేజీ మొత్తం సాఫుగా వచ్చింది. ఆ పేజీని ఆమె ప్లైవుడ్‌కు అవతలి వైపు అంటించింది. చొక్కారావు దాన్ని చింపేశాడు.

మరుసటి ఎండాకాలం చొక్కారావు ప్రింటరులో అక్షరాలు కొట్టే హెడ్ కాలిపోయింది. భూమి కేసులో ఆ పూటే దాఖలు చేయాల్సిన కాగితం కోసం హనుమండ్లు అనే రైతు అతని దగ్గర కూర్చున్నాడు. చొక్కారావు ఫ్లాపీ పట్టుకుని మొదటిసారి ఆమె వైపు వచ్చాడు.

"గిదొక్కటి కొట్టియ్యి."

"ఖాళీ లేదు."

"మిషను ఖాళీగనే ఉన్నది గదమ్మా," అన్నాడు వెనకే వచ్చిన హనుమండ్లు.

"ఈయన తెచ్చింది నేను కొట్ట."

హనుమండ్లు కోర్టు గేటు దగ్గరి టైపు మిషన్ల దగ్గరికి పరుగెత్తాడు. అక్కడ మళ్లీ మొదటి నుంచి కొట్టించేసరికి ఆ రోజుకు కోర్టు పని ముగిసిపోయింది. తిరిగొచ్చి ఆమె గుమ్మంలో నిలబడ్డాడు.

"మీ ఇద్దరి పగతోని నా గడువు పోయింది. నీకు నేనేం జేసినమ్మా?"

ఆ వారమే నిర్మలాదేవి ప్లైవుడ్ తీయించి ఇటుక గోడ కట్టించింది. ఇకపై అతని కేసు కాగితాలన్నీ డబ్బు తీసుకోకుండా కొట్టి ఇస్తానని అతని వకీలుతో హనుమండ్లుకు కబురు పంపింది. అతను రాలేదు. చొక్కారావుతో మాత్రం ఆమె మళ్లీ మాట్లాడలేదు, మాట్లాడాలని అనుకోనూ లేదు.